ఎండాకాలం మనీ ప్లాంట్ లోపలా, బయటా? ఏది మేలు?

పోయినేడు ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం పొద్దున, మూడేళ్లుగా హాల్లో పెరిగిన మనీ ప్లాంట్ కుండీని తీసుకెళ్లి బాల్కనీ కొక్కేనికి తగిలించాను. తీగ సాగిపోతోంది, కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు ఎడం వస్తోంది, కొత్త ఆకులు చిన్నగా ఉంటున్నాయి. కాస్త వెలుతురు తగిలితే కోలుకుంటుందని నా ఆశ. మా బాల్కనీ పడమటి వైపు. సాయంత్రం నాలుగున్నరకి చూస్తే ఎండవైపు ఆకులన్నీ ఉడికిన పాలకూరలా మెత్తబడి ఉన్నాయి. మర్నాటికి తెల్లటి మచ్చలు, రెండు రోజులకి ఆ మచ్చలు గోధుమరంగు కాగితం. ముట్టుకుంటే పెళపెళమని విరిగాయి. కాలిన ఆకు మళ్లీ పచ్చబడదు. అంత పెద్ద తీగని కుండీ అంచు దాకా కత్తిరించాల్సి వచ్చింది, చాలా బాధేసింది.

కింద వాటాలో ఉండే ఓనరమ్మ ఆ కొమ్మలు చూసి, "మిరుగం రానియ్యి బిడ్డా. రెండు వానలు పడ్డంక బయట పెట్టు, అదే పెరుగుతది" అన్నది. మిరుగం అంటే మృగశిర కార్తె. అప్పటి నుంచి నేను ఆమె మాటే పట్టుకున్నాను.

ఎండాకాలం రాగానే ఇంటి మొక్కల్ని బయటికి తీయాలన్న సలహా చలిదేశాల్లో పుట్టింది. అక్కడ ఆర్నెల్లు కిటికీలు మూసుకుని ఉంటారు, ఎండాకాలం అంటే 25 డిగ్రీల చల్లని గాలి. మన హన్మకొండలో మే నెలలో 42, 43 మామూలే. రామగుండం, మంచిర్యాల వైపు 45 దాటే రోజులూ ఉంటాయి. వాళ్ల ఎండాకాలంలో ఉండే హాయి మనకి జూన్ రెండో వారం తర్వాత గానీ రాదు. మనీ ప్లాంట్ పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని మూరియా అనే దీవి. అక్కడ అది చెట్ల నీడలో, తేమ గాలిలో పెరిగేది. మన వడగాలిలో తేమ ఎక్కడిది?

అలాగని ఇంట్లో ఉంచడం కూడా పూర్తిగా సుఖం కాదు. మనం ఎండాకాలం పొద్దున పదింటికే కిటికీలు వేసి, కర్టెన్లు లాగేస్తాం. అంటే ఏడాదిలో ఇల్లు బాగా చీకటిగా ఉండేది ఇప్పుడే. అందుకే నేను కుండీని తూర్పు కిటికీకి రెండడుగుల దూరంలో పెట్టి, తొమ్మిదింటి దాకా కర్టెన్ తీసే ఉంచుతాను. కూలర్ ఉన్న గది అయితే ఇంకా మంచిది, ఆ గాలిలో తేమ ఉంటుంది. ఏసీ గాలి పొడిగా ఉంటుంది, దానికి ఎదురుగా మాత్రం పెట్టొద్దు. ఇలా ఉంచితే తీగ కాస్త బక్కగా సాగుతుంది, కానీ ప్రాణానికి ఢోకా ఉండదు. సాగిన భాగాన్ని జూన్‌లో కత్తిరించుకోవచ్చు.

బాల్కనీయే కావాలంటే అది ఏ దిక్కున ఉందో చూడాలి. పడమర అయితే వద్దు, గ్రీన్ నెట్ కట్టినా నా సలహా అదే. తూర్పు అయితే ఏడెనిమిది గంటల దాకా ఎండ పరవాలేదు, ఆ తర్వాత నీడ కావాలి. దక్షిణం, ఉత్తరం విషయంలో చాలామంది పొరపడతారు. మే రెండో వారంలో సూర్యుడు మధ్యాహ్నం వరంగల్‌కి సరిగ్గా నెత్తిమీద ఉంటాడు, ఆ తర్వాత జూలై చివరి దాకా కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. కాబట్టి చలికాలమంతా ఎండ పడే దక్షిణం బాల్కనీ ఈ రోజుల్లో పై స్లాబు నీడలో ఉంటుంది. ఎప్పుడూ నీడే అనుకునే ఉత్తరం బాల్కనీలోకి సాయంత్రం ఏటవాలు ఎండ కొడుతుంది. మొక్క తగిలించే ముందు ఒక రోజంతా గంటకోసారి నీడ ఎక్కడుందో చూసుకోండి.

నెట్ విషయానికొస్తే, 50 శాతం ఎండని ఆపేది వీటికి చాలదు, 75 శాతంది తీసుకోవాలి. అది ఎండని ఆపుతుంది గానీ వడగాలిని ఆపలేదు. వేలాడే కుండీకి నాలుగు వైపులా గాలి తగులుతుంది కాబట్టి నేల మీది కుండీ కన్నా తొందరగా ఎండిపోతుంది. పొద్దున తడిపితే సాయంత్రానికి మట్టి అంచులు వదిలేస్తుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే వేర్లు ఉడుకుతాయి. ఇక నీళ్లు: మధ్యాహ్నం రెండింటికి ట్యాంకు నుంచి వచ్చే నీళ్లలో మనం చేయి పెట్టలేం, అవే మొక్కకి పోస్తాం! పొద్దున్నే ఒక బకెట్ పట్టి నీడలో పెట్టుకుని, సాయంత్రం పొద్దు వాలాక అవి పోయండి.

నేల ఉన్నవాళ్లకి మాత్రం చెట్టు నీడని మించింది లేదు. హుజూరాబాద్ దగ్గర మా అమ్మావాళ్ల వాకిట్లో వేపచెట్టు ఉంది. వేప ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి చిగురేసి చిక్కటి నీడ ఇస్తుంది. కింద నేల తడిపితే ఆ చల్లదనం గంటల తరబడి నిలుస్తుంది. అక్కడ మనీ ప్లాంట్ మే నెలలో కూడా బయటే ఉంటుంది, కాండాన్ని పట్టుకుని పైకి పాకింది. వేలాడే తీగకి అరచేతిలో సగం ఆకు వస్తే, పాకిన తీగకి అన్నం పళ్లెమంత ఆకు వచ్చింది. మొక్క అదే, కింద నాటింది నేను కత్తిరించిన ముక్కే. అయితే అక్కడ కోతుల బెడద ఉంది. కొమ్మకి తగిలించిన కుండీలు రెండుసార్లు లాగి పడేశాయి, అందుకని ఇప్పుడు అన్నీ నేల మీదే. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం, రాళ్లవాన వచ్చినా వేలాడే కుండీకే ముందు దెబ్బ.

అలాంటి చెట్టు లేని అపార్ట్‌మెంట్ వాళ్లు ఆగడమే మేలు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, మెత్తటి ఆకు ఎంత? మిరుగం జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ రోజే పెట్టేయకుండా రెండు మంచి వానలు పడనివ్వండి. ముందు సాగిన తీగల్ని కణుపు కింద కత్తిరించి అదే కుండీలో గుచ్చండి, ఆ తేమలో వారం పది రోజుల్లో వేరు పట్టేస్తాయి. కుండీని మొదటి వారం పూర్తి నీడలో, తర్వాత కొద్దిగా వెలుతురులోకి జరపండి. వానాకాలమైనా మబ్బు విడిచిన మధ్యాహ్నపు ఎండ కాలుస్తుంది. కింది పళ్లేలు తీసేయాలి, లేకపోతే దోమలు. నవంబరులో లోపలికి తెచ్చేటప్పుడు ఆకు మొదళ్లలో తెల్లటి దూదిలా కనిపించే పిండినల్లి పురుగు ఉందేమో చూసుకోవాలి. ఆదిలాబాద్ వైపు రాత్రులు 10 డిగ్రీల లోపుకి పోతాయి, అక్కడివాళ్లు ఇంకొంచెం ముందే తెచ్చుకోవాలి.

ఊదా చారల ఆకులతో వేలాడే వాండరింగ్ జ్యూ మొక్కకీ ఇదే లెక్క. స్పైడర్ ప్లాంట్ ఆకు కొసలు ఎండితే మాత్రం తప్పంతా ఎండది కాకపోవచ్చు, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్, ఉప్పు దానికి పడవు. వాన నీళ్లు పట్టి పోసి చూడండి.

ముత్యాల తీగకి, అదే నర్సరీల్లో స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్ అని అమ్మేదానికి, ఈ లెక్క తిరగబడుతుంది. దక్షిణాఫ్రికా పొడి నేలల మొక్క అది, గింజలాంటి ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. మన మే ఎండ దానికీ ఎక్కువే, కానీ అసలు ప్రాణం తీసేది జూలై ముసురు. మిగతావన్నీ బయటికి వెళ్లే రోజున దాన్ని మాత్రం కిటికీ దగ్గరే ఉంచి, మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పోయండి.