వెల్డు పగులు పట్టాలంటే యోకా, డై పెనెట్రెంటా?

వెల్డు పైకి నున్నగా కనిపిస్తుంది. వెంట్రుకలాంటి పగులుంటే మాత్రం కంటికి ఆనదు. దాన్ని పట్టడానికి రెండు దారులు: యోక్ అంటే రెండు కాళ్ల విద్యుదయస్కాంతం, డై పెనెట్రెంట్ అంటే పగుల్లోకి ఇంకే రంగు ద్రవం.

ముందు లోహం చూడండి. మైల్డ్ స్టీల్‌కు రెండూ పనిచేస్తాయి. 304, 316 స్టెయిన్‌లెస్, అల్యూమినియంలకు అయస్కాంతం పనికిరాదు, డై వాడాల్సిందే.

ఖర్చు: డైకి మూడు స్ప్రే డబ్బాలు చాలు, కరెంటు అక్కర్లేదు. యోక్ కొనడానికి ఖర్చెక్కువ, రోజూ పనుంటే గిట్టుబాటవుతుంది.

సమయం: డై ఇంకడానికే దాదాపు 10 నిమిషాలు, ఆపైన తుడవడం, డెవలపర్ (ఇంకిన రంగును బయటికి లాగే తెల్ల పొడి) కొట్టడం, మళ్లీ ఆగడం. యోక్‌తో ఫలితం అప్పటికప్పుడే. తెల్ల పూత మీద ఇనుప పొడి కలిపిన ద్రవం చల్లుతూ స్విచ్ నొక్కితే, పగులు దగ్గర పొడి నల్లటి గీతలా పేరుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు వేలితో తుడిచి మరీ చూస్తారు.

రిస్క్: డైకి పగులు నోరు తెరుచుకుని ఉండాలి. గ్రైండింగ్‌లో లోహం నలిగి నోరు మూసుకుంటే దొరకదు. పెయింట్ కూడా పూర్తిగా తీసేయాలి. యోక్‌కు పలుచని పెయింట్ అడ్డు కాదు, ఉపరితలానికి కాస్త కిందున్న లోపం కూడా కొన్నిసార్లు తెలుస్తుంది. కానీ అయస్కాంత రేఖల వెంబడే సాగిన పగులు కనపడదు. అందుకే యోక్‌ను 90 డిగ్రీలు తిప్పి రెండోసారి చూడాలి. తొందరలో చాలామంది ఇదే వదిలేస్తారు, దయచేసి వదలకండి. అయస్కాంతం బలం సరిపోతుందో తెలియడానికి, ఏసీ కరెంటుతో నడిచే యోక్ 4.5 కిలోల ఉక్కు దిమ్మెను ఎత్తుతోందో లేదో కూడా చూసుకోండి.

క్రేన్ గిర్డర్లు, స్టీల్ స్ట్రక్చర్ల ఫిల్లెట్ వెల్డులు (రెండు పలకలు కలిసే మూలలో వేసేవి) వరసగా ఉంటే యోక్. స్టెయిన్‌లెస్ ట్యాంకు, యోక్ కాళ్లు ఆనని ఇరుకు మూల, కరెంటు లేని సైట్ అయితే డై.