పాము రాకముందే మూడు వారాలు నడిపి చూసిన పెట్టె

కంపెనీ పేరు రాయడం లేదు. కింద చెప్పబోయే వాటిలో సగం ఫిర్యాదులే, వాళ్ళేమో చిన్నవాళ్ళు, నా ఈమెయిల్‌కి జవాబు ఇంకా సగంలోనే ఉంది. రకం చెప్తే చాలు: గ్రీన్ ట్రీ పైథాన్ అనే పాముని ఉంచడానికని అమ్మే, 3 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు, 2 అడుగుల ఎత్తు ఉన్న పీవీసీ పెట్టె. ముందు పక్కకి జరిపే రెండు గాజు తలుపులు. పైకప్పుకి బిగించే 80 వాట్ల హీట్ ప్యానెల్, పాము ఎక్కి కూర్చోవడానికి రెండు కర్రలు, వాటికి హోల్డర్లు, తేమ చూపించే రెండు ముల్లు మీటర్లు, అన్నీ కలిపి సెట్‌గా అమ్ముతున్నారు. షిప్పింగ్‌తో 520 డాలర్లు పడింది. వేడి హద్దు దాటకుండా ప్యానెల్‌ని ఆపుతూ నడిపే థర్మోస్టాట్ విడిగా కొన్నాను.

నేనుండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అందుకే ఈ పెట్టెని కూడా మా ఆఫీసులో కొత్త బిల్డ్‌ని చూసినట్టే అనుమానంగా చూశాను. లోపల పాము లేకుండా మూడు వారాలు నడిపాను. మా ఆయన రోజూ ఆఫీసు నుంచి వచ్చి ఆ ఖాళీ పెట్టె వైపు చూసి, "ఇలాగే ఉంచేద్దాం, చాలా బాగుంది" అనేవాడు.

పాము గ్రీన్ ట్రీ పైథాన్. న్యూగినీ, దాని చుట్టుపక్కల దీవులు, ఆస్ట్రేలియాలో కేప్ యార్క్ కొస, అదీ దాని ఊరు. విషం లేదు. కొమ్మ మీద చుట్టలు చుట్టుకుని, తల మధ్యలో పెట్టుకుని పగలంతా కదలకుండా ఉంటుంది. పిల్లలుగా ఉన్నప్పుడు పసుపుగానో ఇటుక రంగులోనో ఉండి తర్వాత పచ్చబడతాయి. మా అమ్మ ఫొటో చూసి "పసిరిక పామా?" అంది. ఆవిడ మోపిదేవి వెళ్ళి సుబ్రహ్మణ్యేశ్వరుడికి పూజ చేయించే మనిషి, నాగుల చవితి నాడు ఉపవాసం ఉండి పుట్టలో పాలు పోసి వస్తుంది. కాదమ్మా, ఇది కొండచిలువ జాతి అని చెప్పాను. "పుట్ట దగ్గర దణ్ణం పెట్టుకోమన్నాను గానీ పుట్టనే ఇంటికి తెచ్చుకోమన్నానా తల్లీ" అని ఫోన్ నాన్నకి ఇచ్చేసింది.

సరే, పెట్టె సంగతి. బిగించడానికి "20 నిమిషాలు" అని కాగితంలో ఉంది. ఇద్దరం కలిసి గంటన్నర కష్టపడ్డాం. షీట్లు మాత్రం మంచివి, అర అంగుళం మందం, వంకర లేదు, బరువు తక్కువ. ఇదే సైజు గాజు పెట్టెని నేనొక్కదాన్నే కదపలేను, దీన్ని కదపగలను. పైన జాలీ ఉండే గాజు పెట్టెలో తేమ నిలవదు, మా ఊళ్ళో చలికాలం ఇంట్లో హీటర్ మొదలయ్యిందంటే మన పెదాలే పగిలిపోతాయి. అందుకని పీవీసీ ఎంచుకోవడంలో నాకు పశ్చాత్తాపం లేదు.

మొదటి రాత్రే తేమ కోసం లోపల స్ప్రేతో నీళ్ళు కొట్టి చూస్తే, పొద్దున్నకి కింది అతుకులోంచి కారి చెక్క డ్రాయర్ల బల్ల మీద మడుగు కట్టింది. అక్వేరియంలకి వాడే సిలికాన్ తెచ్చి లోపలి అతుకులన్నీ పూశాను. వాసన పోవడానికి మూడు రోజులు తలుపులు తెరిచి పెట్టాల్సి వచ్చింది. పాము అప్పటికే లోపలుంటే ఏం చేసేదాన్ని?

ఇక కర్రలు. ఈ పెట్టెలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే ఉంది, కాస్త వివరంగా చెప్తాను.

పెట్టెలో ఈ పాముకి నేలతో పెద్దగా పని లేదు. పడుకోవడం, వేటాడటం, తినడం దాదాపు అన్నీ కర్ర మీదే. కాబట్టి పెట్టె అంటే అసలు కర్రలే, మిగతాదంతా వాటి చుట్టూ కట్టిన గోడ. వీళ్ళిచ్చిన కర్రలు ఒకటిన్నర అంగుళం లావు, పైగా వార్నిష్ కొట్టి నున్నగా ఉన్నాయి. కర్ర లావు పాము ఒంటి లావుకి దగ్గరగా ఉండాలి. నాకు రాబోయేది ఏడాదిన్నర పిల్ల, దాని ఒళ్ళు నా బొటనవేలి కంటే కొంచెం లావు. ఈ కర్ర దానికి దూలంతో సమానం.

హోల్డర్లు ఇంకా ఘోరం. పూర్తి గుండ్రటి రింగులు, గోడకి స్క్రూలతో బిగించేవి. కర్ర బయటికి రావాలంటే స్క్రూలు విప్పాలి. ఈ పాముని, ముఖ్యంగా పిల్లగా ఉన్నప్పుడు, కర్ర మీంచి పట్టి లాగకూడదు. తోకతో గట్టిగా చుట్టుకుంటుంది, బలవంతంగా విప్పదీస్తే తోక ఎముకలు దెబ్బతిని జీవితాంతం వంకర ఉండిపోతుంది. అందుకే పెంచేవాళ్ళు కర్రతో సహా ఎత్తి బయటపెట్టి, పెట్టె కడుక్కుని, మళ్ళీ కర్రతో సహా లోపల పెడతారు. ట్రీ పైథాన్ కోసమే అని బొమ్మ వేసి అమ్మేవాళ్ళకి ఈ ముక్క తెలియదా? హాక్సా బ్లేడుతో ఆ రింగుల పైభాగం కోసేసి, అంచులు అరగదీసి, పైకి ఎత్తితే వచ్చేసేలా చేసుకున్నాను. కర్రల బదులు హోమ్ డిపోలో అర అంగుళం పీవీసీ పైపు కొని (బయటి కొలత ముప్పావు అంగుళం దాటుతుంది, సరిగ్గా సరిపోయింది) గరుకు కాగితంతో బాగా రుద్దాను. ఖర్చు ఐదు డాలర్లు కూడా కాలేదు.

పై కర్రకి వాళ్ళు వేసిన రంధ్రాలు హీట్ ప్యానెల్‌కి నాలుగు అంగుళాల కిందే ఉన్నాయి. తాకకుండా వేడి కొలిచే గన్ థర్మామీటర్‌తో కొలిస్తే కర్ర మీద 95 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 35 డిగ్రీలు. ఈ పాముకి వెచ్చని చోటు 86, 88 మధ్య ఉంటే చాలు, చల్లని వైపు 78, 80 ఉండాలి. తొమ్మిది అంగుళాల కిందకి కొత్త రంధ్రాలు వేసి కర్ర మార్చాక 87 దగ్గర నిలబడింది. రెండో కర్ర అవతలి వైపు, ఇంకాస్త కిందగా పెట్టాను. ప్యానెల్ మాత్రం బాగుంది, వెలుతురు ఉండదు, రాత్రి కూడా నడపొచ్చు. థర్మోస్టాట్ లేకుండా మాత్రం ఒక్క గంట కూడా వద్దు.

థర్మోస్టాట్ విషయంలో తప్పు నాదే. వేడిని పసిగట్టే దాని ప్రోబ్‌ని, వైరు పొట్టిగా ఉందని నేల మీద పెట్టాను. నేల 82కి రావాలని అది ప్యానెల్‌ని కాలుస్తూనే ఉంది, పైన కర్ర 100 దాటింది. లోపల పాము ఉండుంటే అని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఇప్పుడు ప్రోబ్‌ని వెచ్చని కర్ర పక్కనే గోడకి క్లిప్పులతో కదలకుండా కట్టేశాను.

సెట్‌తో వచ్చిన ముల్లు మీటర్లు చెత్తబుట్టకి తప్ప ఎందుకూ పనికిరావు. ఊరికే అనడం లేదు, పరీక్ష పెట్టాను. సీసా మూతలో వంటింటి ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్ళతో తడి ఇసుకలా చేసి, మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేస్తే లోపల తేమ 75 శాతం దగ్గర ఆగుతుంది. వీళ్ళ మీటర్లలో ఒకటి 58, ఇంకోటి 63 చూపించాయి. పన్నెండు డాలర్లకి కొన్న డిజిటల్‌ది 74 చూపించింది. 58ని నమ్మి రోజూ నీళ్ళు కొడుతూ పోతే లోపల చిత్తడే.

చిత్తడి ఈ పాముకి మంచిది కాదు. అడవిలో వాన పడుతుంది, తర్వాత ఆరుతుంది, ఇక్కడా అంతే. సాయంత్రం బాగా కొట్టాలి, మర్నాడు మధ్యాహ్నానికి ఆకులు ఆరిపోవాలి. ఎప్పుడూ తడిగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు, పొలుసులు కుళ్ళడం మొదలవుతాయి. ఈ పెట్టెకి వెనక గోడలో మాత్రమే గాలి రంధ్రాలు ఇచ్చారు, మొదటి వారం గాజు ఎప్పుడూ మసకగానే ఉండేది. రెండు పక్కల గోడల్లోనూ డ్రిల్లుతో ఆరేసి రంధ్రాలు వేసి, లోపలివైపు సన్నటి స్టీలు జాలీ అంటించాను. ఇప్పుడు రాత్రి 75 శాతం, మధ్యాహ్నానికి 50. మా కుళాయి నీళ్ళతో కొడితే గాజు మీద తెల్ల మచ్చలు పడుతున్నాయి, డిస్టిల్డ్ నీళ్ళు వాడుతున్నాను.

కింద కాగితమే వేశాను. చూడ్డానికి బాగోదు, కానీ అది ఏం విసర్జించిందో మొదట్లో కనపడాలి. ఒక కుండీలో మనీ ప్లాంట్, రెండు ప్లాస్టిక్ తీగలు. వెడల్పు నీళ్ళ గిన్నె. నిజానికి అది ఎక్కువగా తన చుట్టల మీద నిలిచిన నీళ్ళే తాగుతుంది.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు మేం రెండు రోజులు ఇంట్లో కోట్లు వేసుకుని కూర్చున్నాం. అది మర్చిపోలేదు కాబట్టి ప్యానెల్ ఆపేసి కూడా చూశాను. ఇంట్లో 70 ఉండగా, పెట్టె రెండు గంటల్లో 82 నుంచి 75కి దిగింది. అంటే ఈ గోడలు తేమని పట్టి ఉంచుతాయి గానీ వేడిని పెద్దగా ఆపవు. 500 వాట్ అవర్ల బ్యాటరీ ఒకటి కొనిపెట్టాను. ప్యానెల్ ఆగకుండా కాలినా ఐదు గంటలు వస్తుంది. ఆ తర్వాత రజాయి కప్పడమే.

పాముని ఆస్టిన్ దగ్గర సొంతంగా పాముపిల్లలు పుట్టించే ఒకాయన దగ్గర తీసుకున్నాను. పాముల ప్రదర్శనల్లో చవగ్గా దొరికేవి చాలావరకు ఇండోనేషియా నుంచి దిగుమతి అయినవి. ఫారంలో పుట్టినవిగా రాసి అక్కడి నుంచి పంపేవాటిలో కనీసం 80 శాతం అడవిలో పట్టినవేనని 2011లో ఒక పరిశోధన తేల్చింది. ఆస్టిన్ ఆయన నీడోవైరస్ (పాములకి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే వైరస్) పరీక్ష కాగితం చూపించాడు, పాముని అది కూర్చున్న కర్రతో సహా ఇచ్చాడు. ఆ కర్ర నేను కోసిన హోల్డర్లలో సరిగ్గా కూర్చుంది. ఆ రోజు నాకు కలిగిన గర్వం మా ఆయనకి అర్థం కాలేదు. రెండు వారాలు దాన్ని ముట్టుకోలేదు. పదహారో రాత్రి, లైట్లన్నీ ఆర్పి, కరిగించి వెచ్చచేసిన ఎలుకని పొడుగు పట్టకారుతో చూపిస్తే ఒక్క దెబ్బకి పట్టింది.

హైదరాబాద్‌లో ఉన్న మా బాబాయి కొడుకు "నాకూ ఒకటి కావాలక్కా" అన్నాడు. మన దేశపు కొండచిలువని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇలాంటి విదేశీ జాతులకి 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాగితాలు లేకుండా ఎవడో కారులో తెచ్చి ఇస్తానంటే నమ్మొద్దని గట్టిగా చెప్పాను. టెక్సాస్‌లో పెద్ద జాతి కొండచిలువలు కొన్నిటికి పర్మిట్ కావాలి, ఆ జాబితాలో ఇది లేదు.

ఐదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. షీట్లకీ, గాజుకీ, ప్యానెల్‌కీ ఆ మూడు. డ్రిల్లు, హాక్సా పట్టడం వచ్చినవాళ్ళు కొనుక్కోవచ్చు. రానివాళ్ళు ఇంకో వంద డాలర్లు పోసి, కర్ర పైకి ఎత్తితే వచ్చే హోల్డర్లున్నవి చూసుకోండి. ఆర్డర్ పెట్టేటప్పుడు ప్యానెల్ వైరు రంధ్రం ఏ వైపు ఉందో అడగండి, నాది ప్లగ్గుకి అవతలి వైపు వచ్చింది. తలుపుల తాళానికి చెవి రాలేదు. రాస్తే నాలుగు రోజులకి "పంపిస్తున్నాం" అన్నారు. ఇది ఐదో వారం. ప్రస్తుతానికి రెండు గాజుల మధ్య చెక్క ముక్క బిగించి, దాని మీద "తియ్యకండి" అని మా ఆయన కోసం రాసిపెట్టాను.