కాన్సస్ సిటీలో పాత హాలు, నాన్న, రెండు ఫ్రీ త్రోలు

మార్చిలో కాన్సస్ సిటీ వెళ్తున్నామంటే డల్లాస్‌లో స్నేహితులందరూ "బిగ్ 12 టోర్నమెంట్‌కా?" అని అడిగారు. అది పెద్ద యూనివర్సిటీల బాస్కెట్‌బాల్ పోటీ. మేం వెళ్లింది అది ముగిశాక, చిన్న కాలేజీలు ఆడే ఎన్ఏఐఏ టోర్నమెంట్‌కి. ఆ ఆటలు జరిగేది మునిసిపల్ ఆడిటోరియంలో. నాకు చూడాలని ఉన్నది ఆ హాలే. నాన్న ఇండియా నుంచి వచ్చి రెండు నెలలైంది. 70ల్లో వరంగల్ ఆర్ఈసీలో సిమెంటు కోర్టు మీద బాస్కెట్‌బాల్ ఆడి మోకాళ్లు చెక్కుకుపోయిన మనిషి. రమ్మంటే ఒక్క మాటకే బ్యాగ్ సర్దేశారు.

ఐ-35 మీద దాదాపు 550 మైళ్లు. దారిలో ఫ్లింట్ హిల్స్ తప్ప చెప్పుకోదగ్గది లేదు. ఆ గడ్డి కొండలు మాత్రం బాగుంటాయి.

పిన్ని కొడుకు ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంటాడు. తెలుగువాళ్లు బాగానే ఉన్న ఊరు, డౌన్‌టౌన్‌కి కారులో ఇరవై నిమిషాలు. అయినా మొదటి రెండు రాత్రులు డౌన్‌టౌన్ హోటల్లోనే దిగాం. గది శుభ్రంగా ఉంది కానీ పార్కింగ్‌కి వేరే డబ్బులని కౌంటర్ దగ్గర నిలబడ్డాకే తెలిసింది. నాన్న బిల్లు చూసి, "ఏరా, మనం పడుకోడానికి ఇంత, కారు పడుకోడానికి ఇంతా?" అన్నారు. బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి అడగండి. అయినా మళ్లీ వెళ్తే డౌన్‌టౌన్‌లోనే ఉంటాను. హాలుకి నడిచి పోవచ్చు. మెయిన్ స్ట్రీట్ మీద తిరిగే స్ట్రీట్‌కార్‌కి టికెట్టే లేదు, ఎవరైనా ఎక్కొచ్చు. రివర్ మార్కెట్ నుంచి యూనియన్ స్టేషన్ దాకా నాన్న రెండుసార్లు ఊరికే ఎక్కి దిగారు.

తిండి సంగతి ఒక్కటి చెప్పాలి. ఈ ఊరి బార్బెక్యూలో అందరూ తినమని చెప్పే బర్న్ట్ ఎండ్స్ (బాగా కాలిన అంచు ముక్కలు) సాధారణంగా బీఫ్ బ్రిస్కెట్‌వి, అంటే ఆవు ఛాతీ మాంసం. బీఫ్ తినని వాళ్లు ముందే అడిగి చికెనో టర్కీయో తీసుకోవడం మంచిది. మూడో రోజు మరదలు పెట్టిన పప్పుచారు అన్నం ముందు అవన్నీ దిగదుడుపే అన్నారు నాన్న. ఆయన మాటకి విలువ ఎంతో మీరే చూసుకోండి.

కొత్త అరీనా టీ-మొబైల్ సెంటర్. 2007లో స్ప్రింట్ సెంటర్ పేరుతో తెరిచారు. చుట్టూ అద్దాలే. దాని పక్కనే కాలేజ్ బాస్కెట్‌బాల్ ఎక్స్‌పీరియన్స్ ఉంది. లోపల హాల్ ఆఫ్ ఫేమ్‌తో పాటు మనం బంతి వేసుకునే కోర్టులూ ఉన్నాయి. పిల్లలుంటే సగం రోజు పెట్టుకోండి. నాన్న పది ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి వేసేవి) వేస్తే నాలుగు పడ్డాయి. బంతి పెద్దదై పోయిందట ఈ మధ్య.

వెస్ట్ బాటమ్స్‌లోని కెంపర్ అరీనా దగ్గరికి కూడా వెళ్లాం. 1988 ఎన్‌సీఏఏ ఫైనల్లో, అంటే పెద్ద కాలేజీల జాతీయ టోర్నమెంట్ ఫైనల్లో, కాన్సస్ యూనివర్సిటీ ఆటగాడు డానీ మానింగ్ 31 పాయింట్లు కొట్టి, 18 రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతులు) తీసి, కాన్సస్‌ని 83-79తో ఓక్లహోమా మీద గెలిపించింది అక్కడే. ఇప్పుడు దాని పేరు హై-వీ అరీనా. మధ్యలో ఇంకో అంతస్తు వేసి, చాలా కోర్టులు చేసి, పిల్లల టోర్నమెంట్లు నడుపుతున్నారు. వాడుకలో ఉండటం మంచిదే. కానీ ఫైనల్ జరిగిన చోటు ఏదని వెతుక్కుంటే మనసుకి పట్టలేదు.

పాత హాలు, అదే మునిసిపల్ ఆడిటోరియం, అలా కాదు. 1939లో ఎవాన్‌స్టన్‌లో పెట్టిన మొట్టమొదటి ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి దాదాపు 2,500 డాలర్లు నష్టం వచ్చింది. మరుసటి ఏడాది ఫైనల్ ఇక్కడికి తెచ్చారు, లాభం వచ్చింది. ఆ తర్వాత మళ్లీ మళ్లీ ఇక్కడికే వచ్చారు. 1940 నుంచి 1964 మధ్య తొమ్మిది ఫైనల్స్ ఈ ఒక్క హాల్లోనే. ఇన్ని ఇంకే హాలుకీ దక్కలేదు. మొత్తం 83 టోర్నమెంట్ ఆటలు జరిగాయి. ఆ లెక్కలో డేటన్ యూనివర్సిటీ అరీనా తర్వాత దీన్ని దాటిపోయింది. ఇప్పటి ఫైనల్స్ అరవై, డెబ్బై వేల మంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియాల్లో జరుగుతున్నాయి కాబట్టి అవి ఇక ఇటు రావు. 1957లో ఇక్కడ చూసినవాళ్లు పదివేల పైచిలుకు మాత్రమే.

బయట సున్నపురాయి గోడలు, పైన రాతిలో చెక్కిన పెద్ద గుండ్రటి బొమ్మలు. లోపల ఎక్కడ కూర్చున్నా చూపుకి ఒక్క స్తంభం అడ్డు రాదు. కోర్టు మీద బూట్ల కిచకిచ పై వరసకి కూడా వినిపిస్తుంది. మొదటి ఆట సగమయ్యాక 1957 ఫైనల్ కథ మొదలెట్టాను. కాన్సస్ వైపు 7 అడుగుల 1 అంగుళం విల్ట్ చాంబర్లేన్. అతనితో మొదటి జంప్ బాల్‌కి (ఆట మొదలుపెట్టడానికి పైకి విసిరే బంతికి) నార్త్ కరోలినా కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్ పంపింది తన జట్టులో పొట్టివాడు, ఆరడుగులు కూడా లేని టామీ కెర్న్స్‌ని. బంతి ఎటూ చిక్కదు, ఆ ఎగిరేదేదో వీడే ఎగరనీ అని. స్కోర్లు సమానమై ఆట మూడు ఓవర్‌టైమ్‌లు (అదనపు సమయాలు) సాగింది. అంతకు ముందు రాత్రి సెమీఫైనల్ కూడా నార్త్ కరోలినా మూడు ఓవర్‌టైమ్‌లే ఆడింది. చివరికి ఆరు సెకన్లు ఉండగా నార్త్ కరోలినా ఆటగాడు జో క్విగ్ రెండు ఫ్రీ త్రోలు వేశాడు. 54-53.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రెండూ ఏ వైపు బుట్టలో పడ్డాయిరా?" అన్నారు.

నాకు తెలియదు. మెట్ల దగ్గర నిలబడ్డ పెద్దాయన్ని అడిగితే నవ్వి, తానప్పటికింకా పుట్టలేదన్నాడు. ఆటకీ ఆటకీ మధ్య ఖాళీ దొరికింది. నాన్న కిందికి దిగి, ముందు వరస దగ్గర ఒక బుట్ట వెనక్కి వచ్చేలా నిలబడి ఫొటో తీయమన్నారు. తర్వాత హాలంతా చుట్టి అవతలి వైపుకి నడిచి, అక్కడా ఒకటి తీయించుకున్నారు.