ఉచిత న్యాయ సహాయ కేంద్రం: 19 ఏళ్ల తండ్రి, బిడ్డ పోషణ

చిన్నవయసులోనే పెళ్లై బిడ్డను కన్న మా పక్కింటి అమ్మాయిని, 19 ఏళ్ల భర్త తనకు సంపాదన లేదంటూ వదిలేయడంతో, ఆమెకు తోడుగా జిల్లా కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి వెళ్లాను. అక్కడి న్యాయవాది 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టంలోని 5వ సెక్షన్ చదివి వినిపించి, అలాంటి బిడ్డ పోషణ ఖర్చును తండ్రి చేతనే కాక అతని తల్లిదండ్రుల చేత కూడా ఇప్పించేలా జిల్లా కోర్టు ఆదేశించవచ్చని ఓపికగా వివరించారు. అబ్బాయి చదువు ఆగకుండానే పాలడబ్బాకు డబ్బు అందే ఈ దారి ఎంతో న్యాయమైనది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సేవ ఉచితం. పిటిషన్ కూడా వారే రాశారు. అయితే చంటిబిడ్డకు పాలివ్వడానికి చాటు గది లేక, ఆమె వరండాలో కొంగు కప్పుకొని కూర్చోవలసి వచ్చింది. దీన్ని తక్షణం సరిచేయాలి. ముందుగా ఫోన్‌లో సలహా కావలసినవారు 15100కు చేయవచ్చు.