ఇంటరా, పాలిటెక్నికా? పది పాసయ్యాక ఏది మేలు?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన సాయంత్రమే మా బాబాయ్ ఫోన్ చేశాడు. "చిన్నోడు గట్టెక్కాడురా, ఇప్పుడు ఇంటర్లో వెయ్యాలా, పాలిటెక్నిక్‌లో వెయ్యాలా చెప్పు" అన్నాడు. మార్కులెన్నో కూడా చెప్పలేదు. అప్పటికే ఏదో కాలేజీ పీఆర్వో రెండుసార్లు ఇంటికొచ్చి టీ తాగి, ఈ వారంలో చేరితే ఫీజు తగ్గిస్తామని చెప్పి వెళ్లాడట. నన్నెందుకు అడిగాడంటే, నేను పాలిటెక్నిక్, మా పెదనాన్న కొడుకు ఇంటర్. ఇద్దరం ఒకే బళ్లో 2016లో పది పాసయ్యాం. వాడు నాకంటే ఆరు నెలలు పెద్ద, అన్నయ్య అనాలి కానీ ఏనాడూ అనలేదు. రెండు దార్లూ దగ్గర్నుంచి చూసినవాణ్ని కాబట్టి ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నా. ఇలాంటి ఫోన్లు ఈ నెలలో చాలా ఇళ్లలో నడుస్తుంటాయి.

ముందు ఒక లెక్క. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్లు, ఇదీ ఆరే. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు. పాలిటెక్నిక్‌లో వేస్తే పిల్లాడు ఇంజినీర్ కాకుండా అక్కడే ఆగిపోతాడనుకుంటారు. ఆగొచ్చు, ఆగకపోవచ్చు, అది వాడి చేతిలో ఉంటుంది. ఇంటర్‌లో ఆ వీలు లేదు. ఎంపీసీ ఎంత బాగా పాసైనా ఆ మెమో పట్టుకుని కంపెనీ గేటు దగ్గరికి వెళ్తే చెప్పుకోదగ్గ పనేదీ ఇవ్వరు, అది ఇంకో చదువుకు టికెట్ మాత్రమే. నా మటుకు ఇంటర్ నాన్‌స్టాప్ బస్సు, ఎక్కితే ఆరేళ్ల దాకా దిగడం లేదు. డిప్లొమా పల్లెవెలుగు, చెయ్యెత్తితే ఆగుతుంది, మధ్యలో దిగి పని చూసుకుని తర్వాతి బస్సెక్కొచ్చు. ఇంట్లో ఆరేళ్లు గుక్క తిప్పుకోకుండా డబ్బు కట్టే స్తోమత ఉందా, మధ్యలో దిగాల్సి రావచ్చా అన్నది మొదట చూసుకోవాలి. మార్కుల సంగతి ఆ తర్వాత.

ఇక మా పెదనాన్న కొడుకు సంగతి. హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా ఏదో ఒకటి, ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద ర్యాంకుల లిస్టు. ఆ లిస్టును బట్టి సెక్షన్ మారుస్తారు. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. రెండో నెలలో వీణ్ని కింది సెక్షన్‌కు మార్చారు. దసరాకు ఇంటికొచ్చినప్పుడు అన్నం తింటూ కూడా కాలు ఆడిస్తూనే ఉన్నాడు, ఏంట్రా అంటే టెన్షన్ అన్నాడు, అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఫీజు, హాస్టల్ కలిపి పెదనాన్న ఏడాదికి లక్షన్నర దాకా కట్టాడు. ఆ డబ్బు దేనికి కట్టామని అడిగితే ఐఐటీకి అంటారు. ఐఐటీకి మొదటి మెట్టైన జేఈఈ మెయిన్ 2024లో రాసినవాళ్లు 14 లక్షల పైమాటే, దేశంలో ఉన్న 23 ఐఐటీల్లో కలిపి ఆ ఏడాది సీట్లు 17,740. మిగిలినవాళ్లందరూ ఎన్‌ఐటీలకో, ఎంసెట్‌కో వస్తారు (పేరు ఈఏపీసెట్ అని మార్చారు గానీ మా ఊళ్లో ఇప్పటికీ ఎంసెటే). అందులోనూ తెలంగాణలో ఇంటర్ మార్కులకు వెయిటేజీ తీసేశారు, ర్యాంకు మొత్తం ఆ మూడు గంటల పరీక్ష మీదే. ఆంధ్రలో ఇంటర్ మార్కులకు 25 శాతం కలుపుతున్నారు. కాబట్టి అటువైపు పిల్లాడు బోర్డు పరీక్షలు చులకన చేయకూడదు.

ఇంటర్ చెడ్డదని నేను చెప్పడం లేదు. డాక్టరు, నర్సింగ్, ఫార్మసీ, సీఏ, ఐదేళ్ల లా, సైన్యంలో ఆఫీసర్ కావడానికి ఎన్‌డీఏ వీటిలో దేని మీద మనసున్నా ఇంటరే, ఇక ఆలోచించక్కర్లేదు. పదిహేనేళ్ల పిల్లాడికి ఏం కావాలో తెలియకపోవడం మామూలే, అలాంటివాడికీ ఇంటర్ మేలు. రెండేళ్లు టైమ్ దొరుకుతుంది, ఎంపీసీ చదివినవాడు రేపు బీఎస్సీకి, బీకాంకి, ఎటైనా మళ్లొచ్చు. పాలిటెక్నిక్‌లో చేరిన రోజే సివిలా, మెకానికలా, ఎలక్ట్రికలా (ఈఈఈ) అని బ్రాంచి నుదుటి మీద రాసేస్తారు. పైగా లక్షన్నర కట్టే కాలేజీ ఒక్కటే ఇంటర్ కాదు. మా మండలంలో గవర్నమెంట్ జూనియర్ కాలేజీ ఉంది, అక్కడ చదివిన అమ్మాయి ఇప్పుడు ఎంబీబీఎస్ మూడో ఏడాది, బాబాయ్‌కి ఆ సంగతి గుర్తు చేస్తే "అదొక్కతే కదరా" అన్నాడు. కార్పొరేట్ కాలేజీ హోర్డింగ్ మీద ఉన్నదీ ఆ పదిమందే అని నేనన్నాను.

పాలిటెక్నిక్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఊళ్లలో తెలిసింది తక్కువ. ఇందులో చేరడానికి రాసే పరీక్ష పాలిసెట్, 120 మార్కులకు, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, అంతా పదో తరగతి సిలబస్సే. గవర్నమెంట్ కాలేజీలో సీటొస్తే ట్యూషన్ ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. అసలు కష్టం ఎక్కడంటే ఇంగ్లీష్. మాది తెలుగు మీడియం బడి. పాలిటెక్నిక్‌లో మొదటి రోజు నుంచీ అంతా ఇంగ్లీషే, పరీక్షా ఇంగ్లీషే. మొదటి మూడు నెలలు బోర్డు మీద రాసింది రాసినట్టు దింపుకోవడమే, అర్థం కావడం తర్వాత. మా క్లాసులో ఐదారుగురు మొదటి ఏడాదిలోనే వెళ్లిపోయారు, చదువు రాక కాదు, ఈ భాష దెబ్బకే. మీ పిల్లాడు తెలుగు మీడియమైతే చేరేముందు వేసవిలో కాస్త తయారు చేయండి.

వర్క్‌షాప్ గురించి ఒక మాట. ఫిట్టింగ్ సెక్షన్‌లో అరచేతి అంత ఇనుప ముక్క ఇచ్చి నాలుగు అంచులూ ఆకురాయితో రాకి సరిగ్గా తొంభై డిగ్రీలు తెమ్మన్నారు. రెండు రోజులు రాకాను, అరచేతిలో బొబ్బలు లేచాయి. తీసుకెళ్లి ఇస్తే సార్ దానికి మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. అంచుకూ మట్టానికీ మధ్య సన్నటి వెలుతురు గీత. ఏమీ అనలేదు, ఆ వెలుతురు నాకు చూపించి ముక్క తిరిగిచ్చేశాడు. అలా నాలుగుసార్లు. ఐదోసారి వెలుతురు కనబడలేదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం తర్వాత ఏ మార్కులకీ కలగలేదు. ఎవరికైనా ఇలాంటి పని ఇష్టమా కాదా అన్నది ముందే తెలిసిపోతుంది. ఇంట్లో ఫ్యాన్ పాడైతే విప్పి చూసే పిల్లాడు వేరు, మెకానిక్‌ని పిలిచేదాకా పుస్తకం చదువుకునే పిల్లాడు వేరు. రెండోవాణ్ని పాలిటెక్నిక్‌లో వేస్తే వాడికీ బాధ, ఆ ఫ్యాన్‌కీ బాధ.

డిప్లొమా అయ్యాక ఏం దొరుకుతుందంటే, మొదట అప్రెంటిస్. ఏడాది స్టైపెండ్ మీద పని నేర్పుతారు. నేనూ చేశాను, ఆ తర్వాత జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పన్నెండు వేలకు చేరాను. ఏం దాచడం లేదు, పన్నెండు వేలే, రూము, మెస్సు పోగా చేతిలో మిగిలేది తక్కువ. సర్కారు కొలువుల్లో రైల్వే జేఈ (జూనియర్ ఇంజినీర్) ఉంది, మూల వేతనం 35,400, డిప్లొమా చాలు. రాష్ట్ర ఇంజినీరింగ్ శాఖల్లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)కి డిప్లొమా చాలు, దానికి పైనుండే ఏఈఈకి బీటెక్ కావాలి. వినడానికి బాగుంటుంది. కానీ రైల్వే జేఈ నోటిఫికేషన్ 2018 చివర్లో ఒకటి వచ్చాక మళ్లీ 2024 దాకా రాలేదు. వచ్చినప్పుడు దాదాపు ఎనిమిది వేల పోస్టులకు డిప్లొమా వాళ్లే కాదు, బీటెక్ వాళ్లూ పడ్డారు. తెలంగాణలో 2023 మార్చిలో ఏఈ పరీక్ష రాసినవాళ్లు పేపర్ లీకై అది రద్దయితే మళ్లీ మొదటికొచ్చారు. నేను జేఈకి రెండో పరీక్ష దాకా వెళ్లి ఆగిపోయాను. అందుకే పిల్లాణ్ని డిప్లొమాలో వేస్తూ రైల్వే ఉద్యోగం వచ్చేసినట్టే అనుకోకండి. ఉద్యోగం చేస్తూ రాస్తుండాలి, ఉద్యోగం మానేసి కోచింగ్ అని అమీర్‌పేటలో కూర్చుంటే వయసు కరిగిపోతుంది.

గ్రూప్స్ మీద, బ్యాంకు మీద ఆశ ఉంటే డిగ్రీ కావాలి, డిప్లొమా సరిపోదు. ఇది చేరేటప్పుడు మాకెవరూ చెప్పలేదు.

ఈసెట్ దారి బాగుందని పైన అన్నాను కదా, అందులోనూ ఒక మెలిక ఉంది. 200 మార్కుల్లో సగం బ్రాంచి సబ్జెక్టులు, మిగతా సగం లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఆ సీట్లు కొద్దిగానే ఉంటాయి, మంచి కాలేజీలో రావాలంటే పైన ఉన్న ర్యాంకు కావాలి. చేరాక అసలు కథ. ఇంటర్‌లో రెండేళ్లు లెక్కలే తిని లెక్కలే తాగినవాళ్ల పక్కన వీడు కూర్చోవాలి. నా రూమ్మేట్ అలా వెళ్లి మొదటి సెమిస్టర్‌లో లెక్కల పేపర్ తప్పాడు. ల్యాబుల్లో మాత్రం వాడే అందరికీ చూపించేవాడు. తర్వాత కుదురుకున్నాడు, ఇప్పుడు చెన్నైలో ఉన్నాడు, నాకంటే బాగానే సంపాదిస్తున్నాడు.

ఐటీఐ గురించి ఎవరూ అడగరు, అడిగితే తక్కువగా చూస్తారు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కు పది ప్లస్ ఐటీఐ చాలు, మూల వేతనం 19,900. కరెంటు శాఖ జూనియర్ లైన్‌మెన్ కూడా ఐటీఐ వాళ్లకే, కాకపోతే పరీక్షతో పాటు స్తంభం ఎక్కి చూపించాలి. ఐటీఐ చేసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారీ ఉంది. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా (అడ్వాన్స్డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చే పని చేపట్టారు, కొత్త యంత్రాలు వచ్చాయి. పాతకాలపు లేత్ మిషన్ల మీద నేర్చుకున్నవాణ్ని కాబట్టి నాకైతే ఈర్ష్యగానే ఉంది. ఇంట్లో డబ్బుకి మరీ ఇబ్బంది, ఏడాది రెండేళ్లలో చేతికి రావాలి అంటే డిప్లొమా కంటే ఇదే మేలు, సిగ్గుపడాల్సిందేం లేదు.

పదిలో మార్కులు బాగా వస్తే ట్రిపుల్ ఐటీకి అప్లై చేయడం మర్చిపోకండి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, 2008 నుంచీ ఉన్నాయి, తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం వచ్చాయి. ఆరేళ్ల కోర్సు, ఎంసెట్ గోల లేకుండా పది మార్కుల మీదే సీటు. అక్కడ సీటొస్తే పై రెండూ పక్కన పెట్టేయొచ్చు అని నా అభిప్రాయం.

ఇప్పుడు డబ్బు. మా పెదనాన్న కొడుకు బీటెక్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) 2022లో అయింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చినా చేర్చుకోవడానికి తొమ్మిది నెలలు తిప్పారు, ఆ తొమ్మిది నెలలూ పెదనాన్న ఎదుటివాళ్లకు "ఇదిగో వచ్చే నెల్లోనే" అని చెబుతూనే ఉన్నాడు. 2023లో చేరాడు. ఇవాళ వాడి జీతం నా జీతానికి రెండింతలు, ఈ తేడా ఇంకా పెరుగుతుంది కూడా, ఇందులో దాపరికం లేదు. కానీ వాడు మొదటి జీతం తీసుకునేనాటికి నేను సంపాదన మొదలుపెట్టి మూడేళ్లు దాటింది, ఆ డబ్బుతోనే మా నాన్న బోరు అప్పు తీరింది, చెల్లెలి డిగ్రీ ఫీజు కట్టాం. మా ఇంట్లో ఆ మూడేళ్లు ఆగే ఓపిక లేదు. పెదనాన్నకు నాలుగెకరాల మాగాణి ఉంది, వాళ్లింట్లో ఆ ఓపిక ఉంది. ఇద్దరం తప్పు చేయలేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తా. డిప్లొమాలో సీఎస్ఈ తీసుకుని మూడేళ్లకే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందనుకోవద్దు. కంపెనీలు ఎక్కువగా బీటెక్ అడుగుతాయి, ఆ బ్రాంచి తీసుకున్నవాళ్లలో చాలామంది చివరికి ఈసెట్‌కే వెళ్తారు. సాఫ్ట్‌వేరే కావాలంటే నేరుగా ఇంటర్‌లో చేరడమే మంచిది. మధ్యలో దిగే వీలు కోసమే డిప్లొమా అనుకుంటే ఈఈఈ, మెకానికల్, సివిల్ చూడండి.

బాబాయ్‌కి ఇదంతా చెప్పి, ఫోన్ చిన్నోడికి ఇవ్వమన్నాను. నీకేమిష్టంరా అంటే "మోటారు కాలిపోతే వైండింగ్ చేసే షాపుకి రోజూ పోతున్నా అన్నా" అన్నాడు. ఇక నాకు అడగడానికేం లేదు. పాలిసెట్ రాశాడు, ర్యాంకు పర్వాలేదు. నిన్న వెబ్ ఆప్షన్లు పెట్టారు. మొదటి మూడూ గవర్నమెంట్ కాలేజీల్లో ఈఈఈ, నాలుగోది మాత్రం బాబాయ్ పట్టుబట్టి సీఎస్ఈ పెట్టించాడని పిన్ని చెప్పింది.