బీఎస్సీ ఆంత్రపాలజీ: మూడేళ్లు చదివాక నా రివ్యూ

ఇంటర్ బైపీసీ అయిపోయి, నీట్‌లో అనుకున్న ర్యాంకు రాక, ఇప్పుడు ఏ కోర్సులో చేరాలా అని లిస్టులు తిరగేస్తూ ఆంత్రపాలజీ అన్న పేరు దగ్గర ఆగినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నేను మన రాష్ట్రాల బయట, ఉత్తరాదిలో ఒక కాలేజీలో బీఎస్సీ ఆనర్స్ చేశా. కోర్సుకి అయిదుకి నాలుగున్నర ఇస్తా, మా కాలేజీ దాన్ని నడిపిన తీరుకి మాత్రం మూడే.

ఆంత్రపాలజీ, అంటే మానవ శాస్త్రం, అనగానే ఇంట్లో చుట్టాలందరూ "సైకాలజీయా అమ్మా?" అని అడిగారు. కాదు. సగం ఎముకలు, రక్తం గ్రూపులు, జన్యువులు, పరిణామం, మిగతా సగం పెళ్లిళ్లు, వంశాలు, దేవుళ్లు, సంతలు, వీటితో పాటు పాత రాతి పనిముట్లు. బైపీసీ వాళ్ళకి మొదటి సగం ఈజీగానే వెళ్ళిపోతుంది. ప్రాక్టికల్స్‌లో నాకు బాగా గుర్తున్నది తొడ ఎముక, టేబుల్ మీద పెట్టి ఇది కుడిదా ఎడమదా చెప్పమంటారు, గుండ్రటి తల లోపలి వైపుకి తిరిగి ఉండాలి, గరుకుగా ఉండే గీత వెనక వైపు ఉండాలి, అంతే రూలు, కానీ చేతిలోకి తీసుకున్నాక అది ఒక మనిషిది అన్న సంగతి గుర్తొచ్చి మొదటిరోజు నాకు నోట మాట రాలేదు. తర్వాత క్యాలిపర్‌తో ఒకళ్ళ తల ఒకళ్ళం కొలుచుకోవడం, తల వెడల్పుని పొడవుతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది సెఫాలిక్ ఇండెక్స్. ఇది నేర్పిన మేడమ్ అదే క్లాసులో రిస్లీ గురించి కూడా చెప్పారు, 1901 సెన్సస్ కమిషనర్, ముక్కులు కొలిచి ఆ కొలతలతో కులాలకి పై మెట్టు కింది మెట్టు లెక్క కట్టాలని చూసినాయన. చేతిలో పరికరం ఉండగానే ఆ మాట చెప్పడం చాలా అవసరం అనిపించింది నాకు. అది చెప్పకుండా ఉత్తి కొలతలు నేర్పించే చోట చేరకండి.

అసలు నేను ఈ కోర్సుని ఇంతగా ఇష్టపడటానికి కారణం మాత్రం కిన్‌షిప్ పేపర్, అంటే బంధుత్వాలు. క్లాసులో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. సార్ వరసలు బోర్డు మీద రాయమన్నారు. హిందీలో నాన్న చెల్లెలు బువా, మేనమామ భార్య మామీ, మొగుడి తల్లి సాస్, మూడు వేరు వేరు మాటలు. నేను మూడు చోట్లా "అత్త" అని రాశా. అందరూ తప్పు రాశా అనుకున్నారు. సార్ మాత్రం ఆగండి అని, మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకునే చోట ఆ మనుషులు నిజంగానే ఒక్కళ్ళవుతారు కదా, ఆ మాటలోనే పెళ్లి రూలు దాగుంది అన్నారు. అందుకే మనకి పెద్దనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు అన్నా చెల్లెళ్ళు, మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు బావా మరదళ్ళు. అమెరికాలో మోర్గన్ అనే ఆయన 1871లోనే తమిళం, తెలుగు వరసలు పట్టికల్లో పెట్టి ఈ పద్ధతి మీద పెద్ద పుస్తకం వేశాడట. పుట్టినప్పటినుంచీ పిలుస్తున్న పిలుపుల్లో ఇంత లెక్క ఉందని నాకు ఇరవై ఏళ్ళకి గానీ తెలియలేదు, ఆ రోజు హాస్టల్‌కి వచ్చి అమ్మకి ఫోన్ చేసి గంట మాట్లాడా.

సెలవుల్లో ఊరెళ్ళి నాన్నమ్మని కూర్చోబెట్టి మా వంశం చార్ట్ గీశా. మగవాళ్ళకి త్రికోణం, ఆడవాళ్ళకి సున్నా, పెళ్ళికి రెండు గీతలు, చనిపోయినవాళ్ళ మీద అడ్డగీత. నాన్నమ్మది మేనరికం, సొంత మేనత్తే అత్తగారు, కాబట్టి గీతలు వెళ్ళి మళ్ళీ అదే ఇంట్లో కలిశాయి. నాన్నకి ఇద్దరు అక్కలని మాకందరికీ తెలుసు. నాన్నమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ "మధ్యలో ఇంకోటి ఉంది, మూడేళ్ళది, అమ్మవారు పోసి పోయింది, దాన్ని కూడా రాయవే" అంది. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. సున్నా గీసి అడ్డగీత గీయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఈ సబ్జెక్ట్ ఏం నేర్పిస్తుంది అని ఎవరడిగినా నేను ఇదే చెప్తా, అడగాల్సినవాళ్ళ దగ్గర కూర్చుని అడగడం నేర్పిస్తుంది.

ఇక కంప్లైంట్. ఫీల్డ్‌వర్క్ లేకుండా ఆంత్రపాలజీ లేదు. మాకు పేపర్ మీద పది రోజులు అని ఉంది, తీసుకెళ్ళింది మూడు రోజులు, అందులో ప్రయాణమే రోజున్నర, ముందే ప్రింట్ చేసిన ప్రశ్నలు ఇచ్చి ఇంటింటికీ తిప్పారు. ఒక ఇంట్లో పెద్దాయన కథ చెప్పబోతుంటే టైమ్ లేదని మమ్మల్ని లేపేశారు, అది ఇప్పటికీ బాధే నాకు. మలినోవ్‌స్కీ అనే పేరున్న ఆంత్రపాలజిస్ట్ పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో దాదాపు రెండేళ్ళు ఉన్నాడని క్లాసులో చెప్పి ఇలా చేయడం అన్యాయం. ఎముకలు కూడా మా బ్యాచ్ ముప్పై మందికి ఒకటే పుర్రె, వైవా ముందురోజు దాని కోసం లైన్.

సిలబస్‌లో మన ప్రాంతం గురించి ఉన్నదీ తక్కువే. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆంత్రపాలజిస్ట్ చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ గోండుల దగ్గర చేసిన పని, ఆంత్రపాలజిస్ట్ ఎస్.సి. దూబే గారు హైదరాబాద్ పక్కనే శామీర్‌పేట మీద చేసి 1955లో పుస్తకంగా తెచ్చిన పని, ఇవన్నీ లైబ్రరీలో నాకు నేనుగా వెతుక్కుని చదివినవే. మీరు కూడా చదవండి, పరీక్షకి రాకపోయినా సరే. గోండుల ఊరు మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు ఉన్నాయి, ఒకసారి వెళ్ళాలని ఉంది.

యూపీఎస్సీ కోసమే చేరదాం అనుకుంటే మాత్రం ఆలోచించుకోండి. మెయిన్స్‌లో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్ట్‌కి రెండు పేపర్లు, 500 మార్కులు, అది తీసుకోవడానికి ఈ డిగ్రీ అక్కర్లేదు. 2017లో ఫస్ట్ ర్యాంకు కొట్టిన మన మెట్‌పల్లి అనుదీప్ ఇంజినీరింగ్ చదివి ఆంత్రపాలజీ ఆప్షనల్ పెట్టుకున్నారు. ఉద్యోగాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, పీజీ కావాలి, ఆ తర్వాత గిరిజన పరిశోధన సంస్థలు, ఆరోగ్య ప్రాజెక్టులు, 1945లో పెట్టిన ఆంత్రపాలజికల్ సర్వే లాంటివి చూసుకోవాలి. ఇంట్లో ముందే ఈ మాట చెప్పి చేరండి.

చేరేముందు కాలేజీలో సీనియర్ ఒకళ్ళని పట్టుకుని వాళ్ళ ఫీల్డ్ రిపోర్ట్ చూపించమని అడగండి. ఊళ్ళో మనుషులు అన్న మాటలు అందులో ఉంటే ఫీజు కట్టేయండి, ఉత్తి టేబుల్సే ఉంటే ఇంకో కాలేజీ చూసుకోండి.