సెలవులకొచ్చిన మనవడు: వాచీయా, తోడా, హద్దా?

ఎండలు ముదిరేసరికి అమ్మమ్మలూ నానమ్మలూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. పట్నం నుంచి మనవడొస్తున్నాడు, తొమ్మిదో పదో ఏళ్లు. ఇంట్లో ఉంటే ఫోను వదలడు, బయటికి పంపితే మనకు గుండెదడ. జీపీఎస్ వాచీ కొనాలా, పెద్ద పిల్లల్ని తోడిచ్చి పంపాలా, ఇంతవరకేనని హద్దు చెప్పి వదిలేయాలా?

మాది గోదావరి డెల్టా. ఊరికి ఒకవైపు కాలువ, మరోవైపు చేపల చెరువులు. అందుకే నేను ముందు ఒకటే చూస్తాను: వాడు ప్రమాదంలో పడబోతుంటే అందరికంటే ముందు చేరగలిగేదెవరు?

వాచీ చేరలేదు. వాడెక్కడున్నాడో చెబుతుంది, అదీ కొన్ని గజాలు అటూఇటూగా. మ్యాపులో చుక్క కాలువగట్టు మీదుందో, కాలువలోనే ఉందో ఎలా తెలుస్తుంది? సిమ్ వేయాలి, చార్జింగ్ చూసుకోవాలి, తోటల్లో సిగ్నల్ అందాలి. తీర్థంలోనో తిరుమల రద్దీలోనో చెయ్యి జారిపోతే మాత్రం పనికొస్తుంది, కాదనను. బటన్ ఫోను కూడా అంతే, కాకపోతే ఆటలో పారేసుకుంటాడు.

పెదనాన్న కొడుకు పద్నాలుగేళ్లవాడుంటే చాలామంది నిశ్చింతగా వాడికి అప్పజెప్పేస్తారు. వాడికి ఊరు తెలుసు, పామున్న పుట్ట తెలుసు, ఏ కుక్క మీదికొస్తుందో తెలుసు. కానీ వాడికి ఈత కూడా వచ్చు, పట్నం పిల్లాడికి రాదు. 'దూకరా, ఏం కాదు' అనేది వాడే. పైగా బండి తీస్తాడు. మైనరు బండి నడుపుతూ దొరికితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం పెద్దవాళ్లకే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. చట్టం సంగతి అటుంచి, వెనక కూర్చున్న మన పిల్లాడికి హెల్మెట్ పెడతాడా?

నా ఓటు హద్దుకే. 'దూరం వెళ్లకు' అంటే మాత్రం హద్దు చెప్పినట్టు కాదు. ఇటు రామాలయం, అటు పాలకేంద్రం అని వాడితో నడిచి చూపించాలి. దారిలో కిరాణా కొట్టు దగ్గర, టైలర్ దగ్గర, అరుగు మీది తాతగారి దగ్గర ఆగి, 'మా రెండో అమ్మాయి కొడుకండీ, కాస్త కనిపెట్టి ఉండండి' అని చెప్పాలి. ఆ తర్వాత పెరుగు ప్యాకెట్‌కో కరివేపాకుకో ఒక్కడినే పంపండి. వాడు దారి తప్పి గట్టువైపు నడిస్తే 'ఒరేయ్, ఎవరి మనవడివిరా, అటెందుకు?' అని కేకేసేది వీధే.

ఇందులోనూ లోటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే వీధిలో పురుగుండదు, సగం ఇళ్లకు తాళాలే. కాబట్టి ఎండపూట బయటికి వద్దు. ఇంకోటి, పిల్లలకు చెడు చేసేవాళ్లలో తెలిసినవాళ్లే ఎక్కువ. మనం పరిచయం చేసినవాళ్లయినా సరే, గుమ్మం ఇవతలి వరకే. లోపలికి రమ్మంటే ముందు ఇంటికొచ్చి చెప్పాలి. ఇల్లు పట్నంలో, అదీ అపార్ట్‌మెంటైతే ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. అక్కడ వాచ్‌మన్‌ను మించిన వీధి లేదు.

డెల్టావాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. వేసవిలో మరమ్మతులకని కాలువలకు నీళ్లు ఆపేస్తారు. పిల్లలు ఎండిన కాలువలో దిగి క్రికెట్ ఆడతారు, మనమూ అలవాటుపడిపోతాం. మామూలుగా జూన్ మొదట్లో నీళ్లు వదులుతారు. బడులు తెరిచేది ఆ నెల రెండో వారంలో. అంటే సెలవుల చివరి రోజుల్లో, పిల్లాడికి ఊరంతా అలవాటై ధైర్యం వచ్చాక, నిన్న ఆడిన చోటే నిండు కాలువ పారుతుంటుంది. నీళ్లు వదులుతున్నారని తెలిసిన రోజే హద్దు కుదించండి. చేపల, రొయ్యల చెరువులకు సెలవులు లేవు. గట్లు జారతాయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లకు కరెంటు తీగలుంటాయి. వాటి జోలికి ఎప్పుడూ వద్దు.

వాచీ కొనేసినవాళ్లు దాన్ని పెట్టెలో పడేయక్కర్లేదు, దూరాన ఉన్న తల్లికి తృప్తిగా ఉంటుంది. చార్జింగ్ పెట్టే పని మాత్రం వాడికే అప్పజెప్పండి.